నా చేతిమీది జపాన్ దయ్యం

ఆ రోజుల్లో నాకు కోపమొస్తే అన్నం సహించేది కాదు. ఇప్పుడు కోపమొస్తే రెండు ముద్దలు ఎక్కువే తింటాను, అది వేరే సంగతి. ఇరవై రెండేళ్ళప్పుడు పుంగనూరు పాలకేంద్రంలో పాలు పరీక్ష చేసే ఉద్యోగం నాది. కూలికి పోయే మా ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటి మనిషిని నేనే, పొగరుకేం తక్కువ లేదు. ఇన్‌ఛార్జి పోస్టు ఖాళీ అయింది. రెండేళ్ళుగా ఆ పనంతా చేసింది నేను. మా పెద్దసారు దాన్ని తీసుకపోయి వాళ్ళ బామ్మర్దికి ఇచ్చినాడు. (ఆ మహానుభావుడికి లాక్టోమీటర్ ఎటు ముంచాలో కూడా తెలీదు.) నన్ను కుప్పానికి మార్చినాడు. ఆడపిల్ల, రైతులతో వాదులాడలేదు అన్నాడంట. వాదులాడలేనంట, నేను!

ఆ ఆదివారం ఒళ్ళు మండిపోతా మదనపల్లె బస్సెక్కినాను. ఆడొక టాటూ అంగడి. జుట్టు ముడేసుకున్న పిల్లోడు జపాన్ బొమ్మల పుస్తకం ముందర పెట్టి పాఠం మొదలుపెట్టినాడు. నీళ్ళకు ఎదురీది జలపాతం ఎక్కిన చేప డ్రాగన్ అవుతుందంట, అది పట్టుదలకు. పియోనీ పువ్వు ధైర్యానికి. చెర్రీ పూలు రాలిపోయే బతుక్కు. అవన్నీ మంచోళ్ళకి గానీ, కోపానికి ఏముండాదో చూపించమన్నాను. పేజీ తిప్పినాడు. రెండు కొమ్ములు, కోరపళ్ళు, మిడిగుడ్లు. హన్యా అంట. మోసపోయిన ఆడది కుళ్ళి కుళ్ళి దయ్యమైపోయిన మొహం.

"నేరుగా సూస్తే కోపంగా ఉంటాదక్కా. కిందికి వంచితే ఏడస్తా ఉన్నట్టుంటాది," అన్నాడు.

ఆ ఏడుపు నాకు అక్కర్లేదు, కోపం మాత్రం గట్టిగా వెయ్యి అని కుడిచెయ్యి చాపినాను.

సోమవారం చొక్కా చెయ్యి పైకి మడిచి పెద్దసారు గదిలోకి పోయి, టేబుల్ మీద చెయ్యి ఆనించి నిలబడినాను. చెప్పాల్సిన మాటలు బస్సులోనే కంఠతా పట్టినాను. నేను నోరు తెరిచేలోపల ఆయన మొహం వెలిగిపోయింది.

"భలే ఉండాదమ్మా దిష్టిబొమ్మ! మా కొత్తింటికి ఇట్లాందే వెతకతా ఉండాను," అని ఫోన్ తీసి నా కోపాన్ని ఫోటో తీసుకున్నాడు.

టేబుల్ మీది చెయ్యి వెనక్కి లాక్కున్నాను. పళ్ళు కొరుక్కుంటా బయటికొస్తే ఒక రైతు దూడను పట్టుకోని నిలబడి ఉన్నాడు. దిష్టి తగిలి పాలు తాగడం లేదు, ఆ చెయ్యి దాని మొహం ముందర ఒకసారి తిప్పమ్మా అని బతిమాలినాడు. తిప్పినాను. (నా ఖర్మ, దూడ సాయంత్రానికి పాలు తాగింది. మర్నాటికి మూడు దూడలు, ఒక చంటిబిడ్డ వచ్చినారు.) జపాన్‌లోనూ ఆ మొహాన్ని చెడు తరమడానికే వేసుకుంటారని తర్వాత చదివినాను. మా రైతులకు ఆ చదువు అవసరం రాలేదు.

ఇంట్లో మా అవ్వ తిడుతుందని భయం. ఆమె రెండు చేతులకూ చిన్నప్పటి పచ్చబొట్లు ఉండేవి. కుప్పానికి బట్టలు సర్దుకుంటా, పెద్దసారును తిట్టి తిట్టి అలిసిపోయి, చెయ్యి వేలాడేసుకోని కూర్చున్నాను. అవ్వ కొబ్బరినూనె రాద్దామని పక్కన కూర్చుని, వంగి చాలాసేపు చూసింది.

"ఈయమ్మ యాల ఇంతగా ఏడస్తాండాది పాపా?" అనింది.

అంతే. అన్ని రోజులూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. అవ్వ ఒడి తడిసిపోయింది.

మర్నాడు చొక్కా చెయ్యి దించుకునే పోయినాను. గొంతు కూడా పెంచలేదు. "కుప్పానికి పోతాను సార్, ఇన్‌ఛార్జిగానే పోతాను. కాదంటే ఈ రైతుల ముందర మీ బామ్మర్దితో పాలు పరీక్ష చేయించండి," అన్నాను. వాకిట్లో దూడలోళ్ళంతా నిలబడి వింటా ఉన్నారు. సారు వాళ్ళనొకసారి, నన్నొకసారి చూసి ఆ ఆర్డరు మీద సంతకం పెట్టినాడు.

కుప్పంలోనే పదేళ్ళయింది. ఒళ్ళొచ్చి నా బుగ్గలతో పాటు చేతిమీది దయ్యమ్మ బుగ్గలూ పొంగినాయి. ఇప్పుడు నేరుగా చూసినా ఆమెకు కోపం లేదు, నవ్వు ఆపుకుంటున్నట్టు ఉంటుంది. అప్పటి మొహం అట్లే ఉన్నది మాత్రం పెద్దసారింటి గేటు మీద. ఆ ఫోటో ఇచ్చి దిష్టిబొమ్మ చేయించినాడంట. ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల గుర్తొచ్చినప్పుడు, పుంగనూరు పోతే ఆ వీధిలో దిగి, గేటు ముందర కాసేపు నిలబడి వస్తాను.