నీలిచేతుల పురాణం

మా సుబ్బరామికి ఒకటే జబ్బు. ఎదుటివాడు ఎవడైనా సరే, వాడికో పురాణం అంటగట్టకుండా వదలడు. పోనీ భక్తుడా అంటే అదీ కాదు, గుడి ముందు నుంచి పోతూ చెయ్యి కూడా ఎత్తడు.

బళ్ళారి బజారులో ఆయనది స్టీలు సామాన్ల అంగడి. నాది పక్కనే బట్టల కొట్టు. టిఫిన్ క్యారియర్ కొనడానికి దోణిమలై గనుల నుంచి లారీ క్లీనరొకడు వస్తే, సంజీవని కొండ తెచ్చేటప్పుడు హనుమంతుడికి ‘రైట్, రైట్’ చెప్పింది వాళ్ల ముత్తాతేనన్నాడు. క్లీనరు బేరం ఆడటం మరిచిపోయి కాలరెగరేసుకుంటూ వెళ్లాడు. భార్య రామలక్ష్మమ్మకు కూడా పెళ్లయిన కొత్తలో నీది సత్యభామ వంశమని చెప్పాడట. ఆమె నమ్మింది. దాని ఫలితం పాపం ఇప్పటికీ అనుభవిస్తున్నాడు.

మా వెనకింట్లో అద్దెకుండే మౌనేష్ జీన్సు ఉతికే యూనిట్లో పని చేస్తాడు. రంగు గోళ్లలోకి దిగి, మోచేతుల దాకా నీలమే. వచ్చిన సంబంధాలన్నీ ఆ చేతులు చూసి తప్పిపోయాయి. సిరిగేరి ఊరి వినూత మాత్రం అతనికి బాగా నచ్చింది. ఆమె వాళ్ల అవ్వ దుర్గక్కతో ఇల్లు చూడటానికి వచ్చిన రోజు, తల్లీతండ్రీ లేనివాడు కదా అని పెద్దమనుషులుగా మేమిద్దరం కూర్చున్నాం. మౌనేష్ జేబుల్లోంచి చేతులు తీయడు. కాఫీ చల్లారిపోతోంది. చేతులకేమైందని దుర్గక్క అడిగేసరికి తల దించుకున్నాడు. నాకు ప్రాణం ఉసూరుమంది.

సుబ్బరామి గొంతు సవరించుకున్నాడు.

“శివుడు విషం తాగినాడు గదమ్మా, ఆ గిన్నె కడిగిందెవురు? దేవుండ్లంతా దూరం పోయినారు. వీళ్ల పెద్దాయనొక్కడే కడిగినాడు. ‘నాకు గొంతులో ఉండాది, నీకు చేతుల్లో ఉండాది, ఇద్దరం ఒకటేనప్పా’ అన్నాడంట శివుడు.”

దుర్గక్క నవ్వింది. వినూత నవ్వలేదు.

“ఇది నువ్వు కట్టిన కతేనని నాకు తెలుసు మామా. అయినా ఆ చేతులు నేను చూడాల.”

మౌనేష్ మెల్లగా చేతులు బయటికి తీశాడు. ఆమె చూసి, కాఫీ గ్లాసు ఆ చేతికే అందించింది.

తిరిగొస్తూ, దేవుణ్ణే నమ్మనివాడివి ఈ కథలెందుకయ్యా అని అడిగాను.

“దేవుని సంగతి నాకు తెల్దప్పా. మనిషి తలెత్తుకోవాల. దానికి ఒక కత చాలకపోతే ఇంగోటి చెప్తా.”

అన్నాళ్లూ ఆయన్ని ఉత్త వాగుడుకాయ అనుకున్నాను. ఆ పూట మాత్రం ఆయన మీద చెప్పలేనంత ప్రేమ కలిగింది.

పెళ్లిలో పసుపు పూసేసరికి మౌనేష్ చేతులు ఆకుపచ్చగా తేలాయి. చుట్టాల్లో గుసగుసలు మొదలయ్యాయి. సుబ్బరామి హుషారుగా లేచాడు. పీటల మీది పెళ్లికూతురు ఆయన్ని కూర్చోమని సైగ చేసింది.

“ఇది నేను చెప్తా మామా. పార్వతి పసుపు చేతుల్తో శివుని గొంతు తడిమింది. ఆ చేతుల్తోనే తెల్లపిట్టనొకదాన్ని నిమిరింది. రామచిలుక పుట్టిందే అట్ల.”

సుబ్బరామి జన్మలో మొదటిసారి నోరు మూసుకుని ఒక కథ చివరిదాకా విన్నాడు. విని, ఆనందం పట్టలేక నా తొడ మీద గట్టిగా చరిచాడు.