ముప్పై సెకన్ల సన్నాయి

మా పెదనాన్న సన్నాయి పాటని నేను కొనకూడదట. డబ్బు కడదామని నొక్కగానే ఫోన్లో అలాగే వచ్చింది: "ఈ రికార్డింగు మీ ప్రాంతంలో అమ్మకానికి లేదు."

మా ప్రాంతమంటే పెనుగంచిప్రోలు. ఆ పాట వాయించింది ఇక్కడికి దగ్గర్లోనే, వేదాద్రి నరసింహస్వామి కల్యాణంలో. నా చిన్నప్పుడు ఎవరో విదేశీయుడు టేపు రికార్డరు ముందు పెట్టుకుని కూర్చుని మొత్తం పట్టుకుపోయాడు. ఇప్పుడది ఏదో దేశపు వెబ్‌సైటులో తేలింది. కొనుక్కునే భాగ్యం ఆ దేశం వాళ్ళకే. మనకి శాంపిల్ అని ముప్పై సెకన్లు విదిలిస్తారు.

రాబోయే కల్యాణంలో ఆ పాట నేను వాయించాలి. పెదనాన్న ఊపిరి చాలక సన్నాయి పక్కన పెట్టి చాలా కాలమైంది. పాట కూడా మరిచిపోయాడు. "వింటే వస్తుందేమోరా" అన్నాడు. ఆయనకి తప్ప ఇంకెవరికీ రాదది. ఆయనకీ గుర్తు రాకపోతే పోయినట్టే.

నందిగామ వెళ్ళి బస్టాండు దగ్గర సెల్ షాపులో అడిగాను. షాపతను నవ్వేశాడు.

"దీనికేముందన్నా! నీ ఫోను లండన్లో ఉన్నట్టు చూపిద్దాం. కాదంటే ఊరికే లాగే దారి కూడా ఉంది."

నాకు ఒళ్ళు మండింది. మా ఇళ్ళలో పాట ఊరికే తీసుకోరు. సొంత కొడుకైనా సరే, తాంబూలంలో రూపాయి పెట్టి గురువు చేతికిచ్చాకే పాఠం మొదలు. లాక్కొచ్చిన పాటని స్వామి ముందు ఎలా వాయిస్తాను?

"మా పెదనాన్న పాట కోసం నేను మా ఊరివాణ్ణి కానని చెప్పాలా? చచ్చినా చెప్పను" అని వచ్చేశాను.

డబ్బు ఎలా పంపాలో చెప్పండని ఆ వెబ్‌సైటు వాళ్ళకి మూడుసార్లు రాశాను, ఊరి పేరు పెద్దక్షరాల్లో వేసి మరీ. ఉలుకూ పలుకూ లేదు.

చివరికి ఆ ముప్పై సెకన్లే పెదనాన్న చెవి దగ్గర పెట్టాను. కళ్ళు మూసుకుని విన్నాడు. వేళ్ళు మోకాలి మీద కదిలాయి. సరిగ్గా స్వరం పైకెక్కే చోట పాట తెగిపోయింది. ఆయన కళ్ళు తెరిచి ఫోను మీదికి చెయ్యెత్తాడు.

"ఎవడ్రా వీడు? అక్కడ ఆపుతారా ఎక్కడైనా? స్వామి పీటల మీదుంటే!"

ఆ కోపంలో, వాళ్ళు తెంపిన చోటునుంచి తానే అందుకున్నాడు, నోటితో. దగ్గొస్తే ఆగి, మళ్ళీ అదే స్వరం పట్టుకుని చివరిదాకా పాడాడు. నాకు ఏడుపొచ్చేసింది. ఆయన మాత్రం చెయ్యి చాపాడు.

"రూపాయేదిరా?"

తాంబూలం పెట్టి కాళ్ళకి దండం పెట్టాను.

కల్యాణం నాడు పాట మొత్తం వాయించాను. జనంలో ఫోన్లు పైకి లేచాయి. అయ్యాక ఒకమ్మాయి దగ్గరికొచ్చి, "నెట్‌లో పెట్టుకోవచ్చాండీ?" అంది. ఆ పాట గురించి నన్నో మాట అడిగిన మొదటి మనిషి ఆ పిల్లే.

"పెట్టమ్మా. మా పెదనాన్న పేరు, ఊరి పేరు రాసి పెట్టు. ఏ దేశం వాళ్ళనీ మధ్యలో ఆపకు."