నీలం టోపీ సాక్ష్యం

ఆ రోజుల్లో నా కళ్ళ మీద నాకు అపారమైన నమ్మకం. లేనిది ఉన్నట్టు చెప్పడం మా ఇంటా వంటా లేదనుకునేవాణ్ణి (ఈ వాక్యం మా ఆవిడ కంట పడకపోతే బాగుండు). సింగపూర్‌లో మొదటి ఉద్యోగం, చేరి నాలుగో రోజు. బుకిట్ బటోక్ ఫ్లాట్‌లో నాతో ఉండే గుంటూరు బావతో (చుట్టం కాదు, ఫ్లాట్‌లో అందరికీ బావే) మధ్యాహ్నం హాకర్ సెంటర్‌కి (చుట్టూ తిండి కొట్లు, మధ్యలో అందరికీ బల్లలు) వెళ్ళాను. అక్కడ తిండి తెచ్చుకునే ముందే బల్ల మీద ఏదో ఒకటి పెట్టి సీటు ‘చోప్’ చేసుకోవాలి. లోకమంతా టిష్యూ ప్యాకెట్ పెడుతుంది. నేను గొప్పకి పోయి నా ఫొటో ఉన్న కొత్త ఆఫీసు కార్డు పెట్టాను.

పళ్ళెంతో తిరిగొచ్చేసరికి బల్ల మీద కార్డు లేదు. కాస్త దూరంలో, బల్లలు తుడిచే ముసలి అంకుల్ ఒకాయన అటు తిరిగి వెళ్తున్నాడు. “ఆయనే తీశాడు బావా!” అన్నాను.

“చూశావేంట్రా?”

“చూసినట్టే ఉంది.”

“టోపీ ఉందా?”

“ఆఁ, ఉంది.”

“నీలందేనా?”

“నీలమే!”

బావ అడిగేకొద్దీ నా జ్ఞాపకం పొయ్యి మీద అన్నంలా ఉబ్బింది. అక్కడి పనివాళ్ళ సూపర్‌వైజర్ ఆంటీ దగ్గరికి చేరేసరికి, నీలం టోపీ అంకుల్ అటూ ఇటూ చూసి కార్డు చొక్కా జేబులో వేసుకోవడం దాకా నేను కళ్ళారా చూసేశాను. ఆమెకీ అలాగే చెప్పాను.

“షూర్ ఆ? అయితే ఇవాళే ఆయన లాస్ట్ డే లా,” అంది ఆంటీ. ఉద్యోగం ఊడేదాకా వస్తుందనుకోలేదు. కానీ బావ ముందు మాట వెనక్కి తీసుకోవడమా! తలూపాను.

ఆంటీ పిలిస్తే అంకుల్ వచ్చాడు. నున్నటి బోడిగుండు. టోపీ లేదు సరికదా, చొక్కాకి జేబే లేదు. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని స్తంభం అవతలికి లాక్కుపోయాడు. అక్కడ అచ్చం అలాంటిదే ఇంకో బల్ల, దాని మీద నా కార్డు.

“ఇక్కడ చోప్, అక్కడ మకాన్ (తిండి) ఆ? ఎంతమంది వచ్చినా కూర్చోనివ్వలేదు. నీ సీట్ లా!” అని కోప్పడ్డాడు. సిగ్గుతో చచ్చిపోయాను. సారీ అంకుల్ అన్నాను గానీ, ఏం చేసినందుకు సారీయో ఆయనకి చెప్పే ధైర్యం చాల్లేదు. ఆంటీ కూడా చెప్పలేదు, పుణ్యాత్మురాలు.

“ఆయన కాదని నే ముందే చెప్పాగా,” అన్నాడు బావ. ఇప్పటికీ ఒట్టేసి అదే చెప్తాడు.

బావని చూసి నవ్వడానికి నాకేం అర్హత ఉంది? ఇన్నేళ్ళ తర్వాత కూడా, కళ్ళు మూసుకుంటే ఆ అంకుల్ నాకు నీలం టోపీతోనే కనిపిస్తాడు. ఆనాడు పూర్తిగా చెప్పలేని క్షమాపణ మనసులో చెప్పుకునేదీ ఆ టోపీ ఆయనకే.