విరిచి చూడని కొమ్ము

పసుపు కొమ్ములకు మెరుపు పట్టే పాలిష్ డ్రమ్ములు తిరగడం మొదలైతే ఆర్మూర్‌లో గాలి కూడా పచ్చబడుతుంది. ఇవాళ పొద్దున ఆ ఘాటు ముక్కుకు తగలగానే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. చేయి దానంతటదే కంటి కొసకు పోయింది. దుమ్మేనని తెలిసినా, అద్దంలో చూసుకుంటే గానీ మనసు కుదుటపడలేదు. ఈ అనుమానపు బుద్ధి నాకు లింగన్న సేటు దగ్గర అంటుకుంది.

రైతుల పసుపును వ్యాపారులకు అమ్మించే అడ్తి దుకాణం ఆయనది. అందులో నేను చాలా ఏళ్లు కంప్యూటర్ పని చేశాను. సేటు ఎవరినీ నమ్మేవారు కాదు. పక్క దుకాణపాయన నవ్వి పలకరించినా "గీనికేం గావాల్నో" అని గొణిగేవారు. నేను పనిలో చేరిన రోజున మెరిసే పసుపు కొమ్మొకటి నా చేతిలో పెట్టారు.

"ఎట్లుంది బిడ్డా?"

"మంచిగుంది సేటు."

"ఇరిచి చూసినవా?"

విరిస్తే లోపల నల్లగా ఉంది. "పాలిష్ వట్టినంక అన్నీ గట్లనే మెరుస్తయి. ఇరువకుండ మంచిగున్నదనకు" అన్నారు.

అంతటి సేటుకు ఎడమ కంటి నుంచి ఎప్పుడూ నీళ్లు కారేవి. పసుపు దుమ్మని ఊరంతా అనేది, ఆయనా అదే అనేవారు. ప్రతి సంచినీ అనుమానించిన మనిషి తన కన్నును మాత్రం అనుమానించలేదు. ఒక సీజన్‌లో ముక్కు పక్కన, ఆ కంటి కొసన ఎర్రగా గడ్డ లేచింది. ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి. ఆయన పసుపు నూరి పట్టు వేసుకున్నారు. దవాఖానకు పోదామంటే, "పసుపమ్మెటోనికి పసుపు పనిజెయ్యదా? గా డాక్టర్‌తోని ఏమన్న మాట్లాడుకున్నవా నువ్వు?" అని నన్నే ఎగాదిగా చూశారు. నాకు ఒళ్లు మండిపోయింది. మర్నాటికి రెప్ప మూసుకుపోయి జ్వరం తగిలింది. అప్పుడు గానీ నిజామాబాద్ బయలుదేరలేదు.

అక్కడి కంటి డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. కన్నీళ్లు ముక్కులోకి దిగే సన్నని దారి మూసుకుపోయిందట. దాని పైన ఉండే కన్నీటి సంచిలో నీళ్లు నిలిచి, బ్యాక్టీరియా పెరిగి చీము పట్టిందట. ఎక్కువగా ఇది మన చర్మం మీద, ముక్కులో ఉండే స్టెఫైలోకాకస్, స్ట్రెప్టోకాకస్ లాంటి వాటి పనేనంది. పైన పూసిన పసుపు ఆ సంచి దాకా చేరదంది. చీమును పరీక్షకు పంపి, యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు, ఆపైన మాత్రలు ఇచ్చింది. గోరువెచ్చని కాపడం పెట్టమంది, గడ్డను పిండొద్దంది. నిర్లక్ష్యం చేస్తే చీము కంటి వెనక్కి పాకి చూపే పోవచ్చని హెచ్చరించింది. వాపు తగ్గాక ఆపరేషన్ చేసి ముక్కులోకి కొత్త దారి పెట్టాలంది.

"చూసినవా, అసలు సంగతి ఆపరేషన్ పైసలు" అని సేటు నా చెవిలో అన్నారు.

మందులకు వాపు పూర్తిగా పోయింది. మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు ఆయన కుర్చీలో కూడా కూర్చోలేదు. "తగ్గింది గదా, ఇగ కోసుడెందుకు?" అని గొంతు పెంచి అడిగారు. నాకు భయమేసింది. పసుపు రంగును చూడగానే ధర చెప్పే కన్ను అది. మొండితనానికి దాన్ని పోగొట్టుకుంటారేమోనని ఏడుపొచ్చింది.

"సేటు, పైన మెరుపు చూసి మీరు పసుపు లాటుకు ధర చెప్తరా? ఇరువకుండ మంచిగున్నదంటరా?" అన్నాను.

ఆయన కుర్చీలో కూర్చుని, "లోపలేమున్నదో ఒత్తి చూడున్రి డాక్టరమ్మా" అన్నారు. ఇప్పుడు వాపు లేదు కాబట్టి ఒత్తొచ్చని, ఆమె కంటి కొసన దూదితో మెల్లగా ఒత్తింది. రెప్ప అంచున ఉండే చిన్న రంధ్రంలోంచి పచ్చటి చీము బొట్టు పైకి వచ్చింది. ఆమె అద్దం పట్టుకుంటే సేటు అందులో తన కంటిని చూసుకున్నారు.

"ఎప్పుడు జేస్తరు?" అని మాత్రం అడిగారు.

ఆపరేషన్ అయ్యాక మార్కెట్ యార్డుకు వచ్చిన రోజున, కొత్త లాటులోంచి కొమ్ము తీసి అలవాటుగా విరవబోయి ఆగారు. దాన్ని నాకిచ్చి, "ఇగ నువ్వు ఇరువు. నేను మంచిగున్నదన్నా ఇరిచే చూడు" అన్నారు. ఎవరినీ నమ్మని మనిషి నాకిచ్చిన అతి పెద్ద నమ్మకం అదే. ఆయన పోయిన రోజున కూడా నాకు ఆ మాటే గుర్తొచ్చి వెక్కివెక్కి ఏడ్చాను.

ఇప్పుడు అదే దుకాణంలో కొమ్ములు విరిచేది నేనే. యార్డులో ఎవరి కన్నయినా ఊరికే కారుతుంటే, దుమ్మేలే అన్న మాట నేను వినను. "దవాఖాన్ల చూపించుకున్నవా?" అని అడుగుతాను. ఏం మనిషివమ్మా, అంతా అనుమానమే అని విసుక్కుంటారు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు సేటు పక్కనే నిలబడ్డట్టు ఉంటుంది.