జాబితాలో లేని ఆడవాళ్ళు

2014 ఆగస్టు 19, మంగళవారం. గినీ దేశపు సరిహద్దునున్న మేండే సీమలో వారం రోజులుగా తెరపి లేని వాన. రేకుల మీది మోతకు పక్కవాడి మాట వినబడదు. అందుకే గోబేహున్ ఊళ్ళో బైందు లహాయి ఆనాడు అంతగా అరిచిందని కొందరంటారు. వాన లేకపోయినా అరిచేదే.

ఇరవయ్యేళ్ళుగా ఆ ఊళ్ళో పోయిన ఆడవాళ్ళకు ఆఖరి స్నానం చేయించినది ఆమె. ఆ స్నానానికొక క్రమం ఉంది: కుడివైపు ముందు, అన్నిటికన్నా ఆఖరున జుట్టు, నడుమ మాటలు కూడవు. ఎవరైనా తొందరపడితే మళ్ళీ మొదటినుంచీ చేయించేది. స్త్రీ దేహాన్ని పరాయి మగవాడు తాకితే ఆ ఇల్లు ఊళ్ళో తలెత్తుకోలేదు.

ఎబోలా వచ్చాక శవాన్ని ముట్టవద్దన్నారు. ముడితే చావేనని గ్రహించి బైందు మానుకుంది. కానీ శవాలకోసం, ఒళ్ళంతా కప్పే తెల్లదుస్తుల్లో, వ్యానులో వచ్చిన ఎనిమిదిమందీ మగవాళ్ళే. మంత్రసాని జెబ్బే పోయిన ఆ ఉదయం, కూతురు టెన్నే వాళ్ళను రానివ్వక, తల్లి శవంతో లోపల గడియ వేసుకుంది.

"నీళ్ళు ముట్టకే టెన్నే! నేనొస్తున్నా!" అని కిటికీలోంచి కేకవేసి, బైందు వ్యానుకు అడ్డం నిలబడింది.

"ఆ తెల్లదుస్తులు ఒక జత నాకియ్యరా మోమో. ఎలా ఎత్తమంటే అలాగే ఎత్తుతా."

బృందనాయకుడు మోమో ఆమె అన్నకొడుకే. "శవాలెత్తేవాళ్ళ జాబితాలో ఆడవాళ్ళు లేరత్తా. నేనేం చెయ్యను?"

"ఆ జాబితా రాసినోడు ఆడదాని కడుపున పుట్టలేదూ? చెట్టుకు కాశాడా?"

"పైవాళ్ళనడుగుతున్నాగా, కాస్త ఆగు."

"నేనాగుతా. లోపల అదాగుతుందట్రా?"

ఫోను జిల్లాకు పోయింది, జిల్లానుంచి రాజధానికి పోయింది. నాలుగు గంటలకు అనుమతి వచ్చింది. అప్పటికి టెన్నే తానే తలుపు తీసింది. చేతులు మోచేతులదాకా తడిగా ఉన్నాయి.

"అమ్మకు నేనే పోశాను, పెద్దమ్మా. ఇక తీసుకుపొమ్మను."

పన్నెండవనాడు టెన్నే పోయింది. ఈసారి బైందుకు దుస్తులిచ్చారు, మగవాడి కొలతవి. కాళ్ళదగ్గర మడిచి, గుడ్డపీలికలతో బిగించుకొని, ఆఖరి స్నానానికి నోచుకోని ఆ పిల్లను ఆమే మట్టికి చేర్చింది. ఆ తరువాత అనుమతి అన్నమాట వినబడితే నేలమీద ఉమ్మేది.

2021 ఫిబ్రవరిలో సరిహద్దుకావల గినీలో ఆ జ్వరం మళ్ళీ పొడసూపగా, జిల్లా కార్యాలయం ఆమెను శవాల పనికి రమ్మని కబురుపెట్టింది. ఆమె పంపిన ఉత్తరం ఇది:

"అయ్యలకు,
నాకు ఓపిక లేదు, రాను. నేను నేర్పిన నలుగురు ఆడవాళ్ళ పేర్లు వెనకవైపు రాశాను. వాళ్ళ దుస్తుల కొలతలూ ఉన్నాయి, అలాగే కుట్టించండి. చేతులు కడుక్కోమని రేడియోలో రోజూ చెబుతున్నారు. మేం కడుక్కుంటూనే ఉన్నాం. మీరు ఎవరినైనా అనుమతి అడగవలసి ఉంటే ఇవాళే అడగండి. మా ఊళ్ళో ఇంకా ఎవరూ చావలేదు.
బైందు లహాయి"