కోడికూర పెట్టిన పాపానికి

మా చర్చిలో ఒకప్పుడు సాయం కావాలంటే ఒక ఫారం నింపాలి. అందులో "ఇంట్లో ఉన్న వస్తువులు" అని ఒక గడి ఉండేది. ఆ గడి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎందుకో చెబుతాను.

మా ఆయన క్యాబ్ నడిపేవారు. బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద లారీ వెనక నుంచి గుద్దితే కుడికాలు రెండుచోట్ల విరిగింది. నాలుగు నెలలు మంచం దిగకూడదన్నారు డాక్టర్లు. నేను బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక చిన్న నర్సింగ్ హోంలో నర్సుని. నా జీతం బండి కిస్తీకీ, ఆయన మందులకీ, అత్తయ్య ఇన్సులిన్‌కీ, తిండికీ సరిపోయేది. అద్దెకి రూపాయి మిగిలేది కాదు. మహదేవపురలో మేముండే రెండు గదుల ఇంటి ఓనరు తాతల నాటి నుంచి బెంగళూరులో ఉన్న తెలుగాయన. చెడ్డవాడేం కాదు. మూడో నెల కూడా అద్దె కట్టకపోయేసరికి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఏమ్మా, నీ కష్టం నాకు తెలీక కాదు. మూడు నెల్ల బాడిగ అడ్వాన్సులో పట్టుకున్నా. ఇంక రెండు నెల్లకే ఉండాది. అది అయిపోతే నేనేమీ చెయ్యలేను, ఇల్లు ఖాళీ చెయ్యాల," అన్నాడు.

చేతిలో అడ్వాన్సు లేకుండా ఈ ఊళ్ళో ఇంకో ఇల్లు ఎవరిస్తారు? కట్టుతో ఉన్న మనిషినీ, డెబ్భై ఏళ్ళ అత్తయ్యనీ వెంటబెట్టుకుని ఎక్కడికి పోను? కరెంటు డబ్బులూ, నీళ్ళ డబ్బులూ ఓనరుకే ఇవ్వాలి, అవీ పేరుకుపోయాయి. సిగ్గు చంపుకుని ఫారం నింపాను.

ఆదివారం ఆరాధన అయ్యాక, సాయం ఎవరికివ్వాలో చూసే కమిటీవాళ్ళు మా ఇల్లు చూడ్డానికి వస్తారని కబురొచ్చింది. నాకు ఆ రోజు డ్యూటీ. "చర్చి పెద్దలు వస్తారత్తయ్యా" అని మాత్రం చెప్పి వెళ్ళాను. ఎందుకొస్తున్నారో చెప్పలేదు. అక్కడే తప్పు చేశాను. మా అత్తయ్యది ఒంగోలు పక్క పల్లె. పెద్దలు ఇంటికొస్తున్నారంటే ఆవిడకి తెలిసిన అర్థం ఒకటే. పక్కింటావిడ దగ్గర చేబదులు తీసుకుని కిలో కోడి తెప్పించింది. నా పెళ్ళినాటి దుప్పటి మంచం మీద పరిచింది. బీరువా మీదున్న గులాబీపూల కప్పులు దించి కడిగింది. తను పట్టుచీర కట్టుకుంది. కాలు చాపి పడుకున్న కొడుక్కి ఇస్త్రీ చొక్కా తొడిగింది.

వచ్చినవాళ్ళు ఇద్దరు. బ్యాంకులో రిటైరైన పెద్దాయన ఒకరు, సండే స్కూలు టీచరమ్మ ఒకరు. ఇద్దరూ శుభ్రంగా తిన్నారు. పెద్దాయన కూర రెండోసారి వేయించుకున్నారట కూడా. వెళ్ళి ఫారం మీద రాశారు: "కుటుంబం బాగానే ఉంది. ఫ్రిజ్ ఉంది. సాయం అవసరం లేదు."

ఆ సంగతి చర్చి నుంచి ఫోన్ చేసి చెప్పారు. ముందు కోపం అత్తయ్య మీదే వచ్చింది, దాచుకోను.

"ఎవరు పెట్టమన్నారు మిమ్మల్ని కోడికూర? వాళ్ళొచ్చింది మన లేమి చూడ్డానికి!"

"లేమి చూసేదానికి కూడా వస్తారంటమ్మా మనుషులు?" అంది ఆవిడ, నిజంగానే తెలియక. "ఇంటికొచ్చినోళ్ళని మంచినీళ్ళిచ్చి పంపిస్తామా ఏందీ? తిని పొయ్యి అట్టా రాశారా? ఛీ!"

పాస్టరుగారిని బతిమాలితే ఇంకోసారి చూసి రమ్మని కమిటీకి చెప్పారు. అంతకుముందు సాయం అందుకున్న ఒకావిడ నాకు పాఠం చెప్పింది. "ఫ్రిజ్ మీద పాత చీర కప్పు సిస్టర్. కప్పులు మంచం కిందకి తొయ్యి. మీ అత్తగారికి చిరుగుల చీర కట్టించు. ఏడుపొస్తే ఆపుకోకు." అన్నీ చేశాను. వాళ్ళొచ్చే రోజు సెలవు పెట్టి మరీ చేశాను. అత్తయ్య ఎదురు చెప్పలేదు. గుడ్డపీలికలకని పక్కన పడేసిన చీర కట్టుకుని మూలన స్టూలు మీద కూర్చుంది.

వాళ్ళిద్దరూ మళ్ళీ వచ్చారు. అత్తయ్య "వందనాలండి" అంటూ లేవబోయి, చిరుగు కనబడుతుందేమోనని మళ్ళీ కూర్చుండిపోయింది. పెద్దాయన పెన్ను తీశారు. మూలనున్న ఫ్రిజ్ దగ్గరికెళ్ళి, దాని మీది చీర కొస పైకెత్తారు.

"ఇది ఉందిగా సిస్టర్. ఇది అమ్మితే కాస్త అద్దె వస్తుంది కదా?"

అంతే, నాకు తిక్క రేగింది. చీర లాగిపారేసి ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచాను. లోపల సగం పాల ప్యాకెట్టు, కాస్త కొత్తిమీర, అత్తయ్య ఇన్సులిన్ సీసాలు.

"ఉంది బ్రదర్, ఫ్రిజ్ ఉంది. ఇది అమ్మేసి ఈవిడ మందు ఎక్కడ పెట్టమంటారు, మీ ఇంట్లోనా? పట్టుచీరా ఉంది. గులాబీపూల కప్పులూ ఉన్నాయి. పోయినసారి మీరు తిన్న కోడి మాత్రం అప్పు చేసి తెచ్చింది. అన్నీ రాసుకోండి. ఇదిగో అద్దె అగ్రిమెంటు, ఇదిగో ఆస్పత్రి బిల్లు, ఇదిగో నా శాలరీ స్లిప్పు. ఇవి చదవకుండా మా చీరలు లెక్కపెడతారేంటి? ఆ సాయం నిధిలో నేనూ ప్రతి నెలా కానుక వేసినదాన్నే. ఇస్తే ఇవ్వండి, లేకపోతే మానండి. మా అత్తయ్యని మాత్రం ఇలా చిరుగుల్లో కూర్చోబెట్టను!"

టీచరమ్మ తల దించుకుంది. మంచం మీద నుంచి మా ఆయన ఊరుకోమని సైగ చేశారు. ఊరుకుంటానా? మంచం కింద నుంచి కప్పులు బయటికి లాగి టీ పెట్టాను. అత్తయ్య వెనక గదిలోకెళ్ళి చీర మార్చుకుని వచ్చింది. "తాగండయ్యా, చల్లారిపోద్ది," అంది, ఏమీ జరగనట్టే. పెద్దాయన టీ తాగి, కప్పు పక్కన పెట్టి, కాగితాలు చేతిలోకి తీసుకున్నారు. చాలాసేపు చదివారు.

మూడు నెలల అద్దె వచ్చింది. ఇల్లు దక్కింది. ఆయన కాలు బాగై మళ్ళీ బండెక్కారు. నోరు పెట్టుకుని బతికేసిందని చర్చిలో కొందరు నా గురించి అన్నారు. అననీండి, నాకేం!

అత్తయ్య పోయి రెండేళ్ళయింది. కమిటీలో చేరమని పాస్టరుగారు నన్ను అడిగినప్పుడు, ఫారంలో ఆ గడి కొట్టేస్తేనే చేరతానన్నాను. కొట్టేశారు. కానీ గడి కొట్టేసినంత మాత్రాన జనం భయం పోతుందా? మొన్న బొమ్మనహళ్ళిలో ఒకింటికి వెళ్ళాను. గార్మెంట్స్‌లో కుట్టుపని చేసే అమ్మాయి, ఫ్యాక్టరీ మూతపడి రెండు నెలలు. మాసిన చీర కట్టుకుని, సొట్టగ్లాసులో మంచినీళ్ళు తెచ్చిచ్చింది. గోడకి టీవీ తీసేసిన మేకులు కనబడుతూనే ఉన్నాయి. మంచం కింద గోనెసంచి చాటున పింగాణీ ఏదో తళుక్కుమంది. నా చూపు అటు పడగానే ఆ పిల్ల కంగారుగా అడ్డం వచ్చి నిలబడింది.

కాగితాలు చదివాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. సంతకం పెట్టి, పెన్ను సంచిలో వేసుకుని, లేవకుండా అక్కడే కూర్చున్నాను.

"సంతకం అయిపోయిందమ్మా. ఇంక ఆ మంచి కప్పులు బయటికి తియ్యి. టీ తాగకుండా నేను పోను."