నేను రాయని పేపరులో నా పేరు

మా యూనివర్సిటీకి తనిఖీ బృందం వస్తోందని తెలిసినప్పుడు, మొదటి నుంచి ఇప్పటిదాకా మా అధ్యాపకులు ప్రచురించిన పరిశోధన వ్యాసాలన్నిటికీ జాబితా తయారుచేసే పని నా మీద పడింది. నేను కెమిస్ట్రీ చెప్తాను. రోజూ గోదావరిఖని నుంచి బస్సులో వెళ్ళి వస్తాను. అప్పుడే ప్రమోషన్‌కు దరఖాస్తు పెట్టుకుని ఉన్నాను కాబట్టి కాదనలేకపోయాను.

లైబ్రరీలో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్న అక్క ఒకామె పరిశోధన పత్రికల పాత సంచికలు బీరువాల్లోంచి తీసి, దుమ్ము దులిపి ఇచ్చేది. మొదట్లో విసుగనిపించిన పని వారం తిరిగేసరికి నన్ను పట్టేసింది. తొలినాటి వ్యాసాల కింద ఒకటే పేరు ఉండేది. మహా అయితే రెండు, గురువుదీ శిష్యుడిదీ. తర్వాత కొన్నేళ్ళపాటు జియాలజీ వాళ్ళ పేర్లూ కెమిస్ట్రీ వాళ్ళ పేర్లూ జంటగా కనిపించి, ఉన్నట్టుండి ఆగిపోయాయి. రెండు డిపార్టుమెంట్ల మధ్య ఏమన్నా గొడవ జరిగిందా అని అక్కను అడిగాను.

"గొడవ లేదు, ఏం లేదు. సన్నగ తూచే త్రాసు అప్పట్ల మీ కెమిస్ట్రీల ఒక్కటే ఉండె. జియాలజీ సార్లు రాళ్ళపొడి పట్టుకొని ఈడికే వచ్చేటోళ్ళు. తూచుకుంట, చాయ్ తాగుకుంట ముచ్చట వెట్టేటోళ్ళు. తర్వాత వాళ్ళకు సొంత త్రాసు వచ్చింది, ఇటు రాకడ బందయింది" అంది.

ఈ మధ్య కాలానికి వచ్చేకొద్దీ పేర్లు పెరుగుతూ పోయాయి. నాలుగు, ఆరు, తొమ్మిది. అందులో ఒకటి మా వాళ్ళదైతే మిగతావి ఎక్కడెక్కడి రాష్ట్రాలవో, దేశాలవో. మావాళ్ళు ఎంత దూరం వెళ్ళారో అని నాకు గర్వంగా కూడా అనిపించింది.

ఒక మధ్యాహ్నం కంప్యూటర్‌లో నా పీహెచ్‌డీ గైడు సారు పేరు కొట్టి వెతుకుతుంటే, కమాన్‌పూర్ చుట్టుపక్కల బావినీళ్ళ మీద రాసిన వ్యాసం ఒకటి వచ్చింది. ఆరుగురు రచయితలు. మూడో పేరు నాది.

అదే పేరున్న వేరే మనిషేమో అనుకున్నాను. ఇంటిపేరు కూడా నాదే. కింద మా డిపార్టుమెంటు చిరునామా. ఆ వ్యాసాన్ని నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

బావినీళ్ళు నా పీహెచ్‌డీ పనే. అప్పటికి మా బాపు, అంటే నాన్న, ఇంకా బొగ్గు గనిలో పనిచేసేవాడు. వారపు సెలవు రోజున నన్ను స్కూటరు మీద నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గనుల దగ్గరి ఊళ్ళకు తీసుకుపోయేవాడు. నేను సీసాలు పట్టుకుంటే ఆయన నీళ్ళు చేది పోసేవాడు. ఆ వ్యాసంలోని పట్టికలో మొదటి వరసలన్నీ నేను తిరిగిన బావులే. కానీ నీళ్ళు తీసిన సంవత్సరం వేరు, అంకెలు కొద్దికొద్దిగా వేరు. పదకొండో వరస దగ్గర నా చూపు ఆగిపోయింది. ఆ బావి ఉన్న ఊరు ఓపెన్‌కాస్టు కోసం ఖాళీ అయిపోయింది. ఇళ్ళూ, బావీ ఉన్నచోట పెద్ద గొయ్యి పడటం బాపూ నేనూ కళ్ళారా చూశాం. ఆ తర్వాత రెండేళ్ళకు అదే బావిలోంచి నీళ్ళు తీసి పరీక్షించామని నా పేరు మీద రాసి ఉంది. పైగా నీళ్ళు తాగడానికి పనికొస్తాయట.

ఇంటికి వచ్చి బాపుకు చెప్పాను. ఆయన టీవీ ఆపేశాడు.

"ఆ ఊరే పాయె గద. ఇంక చేదబాయి యాడిది?"

"అదే అంటున్న బాపూ."

"నువ్వు రాసినవా?"

"లేదు."

"మరి నీ పేరెట్ల వచ్చింది?"

ఫోన్ తీసి సారు నంబరు వెతకబోయాను. ఆయన నన్ను ఆపి, "పోయి అడుగు బిడ్డా. ఫోన్ల కాదు, ఎదురుంగ కూసోని అడుగు" అన్నాడు.

సారు రిటైరై మందమర్రిలో ఉంటున్నారు. ఆదివారం వెళ్ళాను. నన్ను చూసి సంతోషంతో లేచి నిలబడ్డారు, వాళ్ళావిడతో చాయ్ పెట్టించారు. కాగితాలు ఆయన ముందు పెట్టాను. అద్దాలు పెట్టుకుని చూసి నవ్వారు.

"ఓ, ఇదా! నీ పేరు నేనే పెట్టిచ్చిన. నీకు పనికొస్తదని."

"సార్, ఆ పదకొండో బావి అప్పటికే లేదు సార్. ఆ ఊరే లేదు."

"అన్ని బావులు ఎవరు చూస్తరమ్మా? నీ లెక్కలనే కొంచెం అటిటు జరిపిన్రు. రిటైర్ కాకముందు ప్రమోషన్‌కు నాకు పేపర్లు తక్కువ వడ్డయి. పైసలిస్తే రాసిపెట్టేటోళ్ళు ఉంటరు. తతిమ్మ పేర్లు వాళ్ళే తెస్తరు."

"ఈ మిగిలినవాళ్ళు ఎవరో మీకు తెలుసా సార్?"

"నాకేం తెలుసు?" అని, గొంతు తగ్గించి, "ఇసొంటివి ఇంక రెండున్నయి. వాటిల్ల గూడ నీ పేరున్నది. ప్రమోషన్‌ల చూపెట్టుకో" అన్నారు.

పండగకు చీర పెట్టినంత ప్రేమగా చెప్పారు ఆ మాట. నాకు కోపం కూడా రాలేదు. చాయ్ తాగకుండానే లేచి వచ్చేశాను.

నాతోపాటు పేరున్న ఆ నలుగురికీ మెయిల్ రాశాను. ముగ్గురి నుంచి ఉలుకూ పలుకూ లేదు. నాలుగో ఆమె మర్నాడే ఫోన్ చేసింది. ఒడిశాలో ఏదో కాలేజీలో పాఠాలు చెప్తుందట. నేను హిందీలో తడుముకుంటూ మొదలుపెట్టేలోపే ఆమె అడిగిన మొదటి ప్రశ్న, కమాన్‌పూర్ ఏ రాష్ట్రంలో ఉంది అని. నా మెయిల్ చూసేదాకా అలాంటి వ్యాసం ఉన్నట్టే ఆమెకు తెలియదు. అటువైపు ఆమె ఏడుస్తున్నట్టు తెలుస్తూనే ఉంది.

ఆ వ్యాసం మేము రాయలేదనీ, మా పేర్లు తీసెయ్యమనీ మేమిద్దరం కలిసి దాన్ని అచ్చువేసిన పత్రికకు ఉత్తరం రాశాం. మిగతా రెండు వ్యాసాల గురించి విడిగా మా యూనివర్సిటీకి రాసి ఇచ్చాను. మా హెడ్ సారు తల పట్టుకున్నారు. "తనిఖీ అయిపోయేదాంక ఆగకపోతివా అమ్మా?" అన్నారు. విచారణ తేలేదాకా నా ప్రమోషన్ ఆపేశారు.

కొన్ని నెలలకు పత్రిక ఆ వ్యాసం చెల్లదని ప్రకటించి వెనక్కి తీసుకుంది. ఆ ప్రకటనలో ఆరు పేర్లూ మళ్ళీ అచ్చు వేశారు. తప్పు ఎవరిదో, ఫిర్యాదు ఎవరు చేశారో ఒక్క ముక్క లేదు. బాపుకు తెలుగులో చదివి వినిపించాను.

"నీ పేరు తీసెయ్యమంటే, మల్ల పేరు వెట్టి చాటింపేసిన్రా?" అన్నాడు.

జాబితా మాత్రం నేనే పూర్తిచేశాను. చివరి రోజుల్లో, బైండింగు ఊడిపోయిన ఒక సంచికలో సారు రాసిన మొట్టమొదటి వ్యాసం దొరికింది. నేను పుట్టకముందు రాసింది. కింద ఆయన పేరొక్కటే. ఆఖరి పేజీలో చిన్న అక్షరాలతో ఒక గమనిక ఉంది: గోలేటి నుంచి తెస్తున్న నీళ్ళ సీసా ఒకటి బస్సు కుదుపులకు పగిలిపోయిందనీ, మళ్ళీ వెళ్ళి తెచ్చేందుకు వీలుపడలేదనీ, అందుకే ఆ ఒక్క ఫలితం ఇవ్వలేకపోతున్నాననీ, పాఠకులు మన్నించాలనీ.

ఆ గమనికను రెండుసార్లు చదివి, పదకొండో బావి ఉన్న పట్టికను తీసి దాని పక్కన పెట్టుకుని కూర్చున్నాను. లైబ్రరీ మూసే వేళయిందని అక్క వచ్చి భుజం తట్టేదాకా నాకు తెలియలేదు.